129 ఓట్ల దారిలో అయిదు రోజులు

మొదటి రోజు, 2024 అక్టోబరు 24, గురువారం: రెడ్మండ్

పొద్దున్నే కాఫీ కోసం వంటగదిలోకి వెళ్తే గట్టు మీద, పెసరట్టు పిండి గిన్నె పక్కన, రెండు ఓట్లు పడి ఉన్నాయి.

మా అమ్మాయికీ అల్లుడికీ పోస్టులో వచ్చిన బ్యాలెట్ కవర్లు. వారం నుంచీ కరెంటు బిల్లుల కింద ఉన్నాయట. నేను ముప్ఫై ఏళ్ళు పైన బడిపంతులుగా పనిచేసి, వచ్చిన ప్రతి ఎన్నికకీ డ్యూటీ చేసినవాణ్ణి. బ్యాలెట్ పెట్టెకి లక్క సీలు వేస్తూ వేళ్ళు కాల్చుకున్నవాణ్ణి. బ్యాలెట్ కాగితం అలా దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉంటే ఒళ్ళు ఝల్లుమంది. "అమ్మా, ముందు దాన్ని తీసి బీరువాలో పెట్టు" అన్నాను. అది నవ్వి, "నాన్నా, ఇక్కడ ఇంతే" అంది.

ఇక్కడ అంటే వాషింగ్టన్ రాష్ట్రం. వైట్ హౌస్ ఉన్న వాషింగ్టన్ కాదు. అది దేశానికి తూర్పు కొసన ఉంది, ఇది పడమటి కొసన, సియాటిల్ ఉన్న రాష్ట్రం. ఈ ముక్క మా ఊళ్ళో ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ ఎక్కదు. ఇక్కడ 2011 నుంచీ ఓటింగ్ అంతా పోస్టులోనే. ఎన్నికకి రెండు వారాల ముందే బ్యాలెట్ ఇంటికొస్తుంది, దాంతోపాటు అభ్యర్థుల వివరాలతో ఒక పుస్తకం. నల్ల పెన్నుతో గడులు నింపి, కాగితాన్ని లోపలి కవర్లో పెట్టి, దాన్ని బయటి కవర్లో పెట్టి, దాని మీద సంతకం చెయ్యాలి. పోస్టులో వేస్తే స్టాంపు కూడా అక్కర్లేదు. మనకి వేలి మీద సిరా చుక్క ఎలాగో, వీళ్ళకి కవరు మీద సంతకం అలాగ.

మా అమ్మాయి గడులన్నీ శ్రద్ధగా నింపి, సంతకం మాత్రం బర్రున గీసేసింది. "అలా గీకేస్తే ఎలాగ? వాళ్ళ దగ్గరున్న సంతకంతో కలవాలి కదా" అన్నాను. "కలుస్తుందిలే నాన్నా."

ఆ కాగితంలో అన్నిటికంటే నన్ను లాగింది గవర్నర్ వరస. మన గవర్నరుని ఢిల్లీ నుంచి పంపిస్తారు, రాజ్‌భవన్లో ఉంటారు. ఇక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లెక్క, పైగా జనం నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు. ఈసారి పోటీ బాబ్ ఫెర్గూసన్‌కీ డేవ్ రైకర్ట్‌కీ మధ్య. మే నెలలో నామినేషన్లప్పుడు బాబ్ ఫెర్గూసన్ అనే పేరుతోనే ఇంకో ఇద్దరు కూడా వేశారట. గొడవై చివరికి ఇద్దరూ వెనక్కి తీసుకున్నారు. మా అల్లుడు దీన్ని పెద్ద వింతగా చెప్పాడు. నాకు పుట్టింటి కబురు విన్నట్టు ఉంది. ఒకే ఇంటిపేరున్న నలుగుర్ని వెతికి తెచ్చి నిలబెట్టడం మనవాళ్ళు ఎప్పుడో పాతబడేసిన విద్య.

సాయంత్రం వానలోనే సిటీ హాలు దగ్గరున్న డ్రాప్ బాక్సులో కవర్లు వేసి వచ్చాం. ఇనప పెట్టె, మన పోస్టు డబ్బాకి అన్నలా ఉంది. నా చేత్తో వేస్తానని మనవడి దగ్గర కవరు లాక్కోబోయాను గానీ వాడు ఇవ్వలేదు.

రాత్రి భోజనాల దగ్గర మా అల్లుడు 2004 సంగతి ఎత్తాడు. అతనిది విజయవాడ. 2003లో వచ్చాడు. ఓటు లేదు, పెళ్ళి కాలేదు, టీవీ ముందు కూర్చోవడం తప్ప సాయంత్రాలు వేరే పని లేదు. ఆ నవంబరులో మొదలైన గవర్నర్ ఎన్నిక మరుసటేడు జూన్ దాకా తెగలేదట. డెమొక్రాట్ల తరఫున క్రిస్టీన్ గ్రెగ్వార్, అప్పటికి రాష్ట్ర అటార్నీ జనరల్. రిపబ్లికన్ల తరఫున డీనో రోసీ, స్థలాల వ్యాపారం చేసిన మాజీ రాష్ట్ర సెనేటరు. 28 లక్షల ఓట్లు పోలైతే మొదటి లెక్కలో రోసీ 261 ఓట్ల ముందున్నాడు. మెషీన్లతో మళ్ళీ లెక్కపెడితే 42. చేత్తో లెక్కపెడితే ఆవిడ 129 ఓట్లతో గెలిచింది.

"129 అంటే మా విజయవాడ సెంట్రల్ కంటే ఎక్కువే మావయ్యా. 2019లో మావాళ్ళు 25 ఓట్లతో తేల్చారు" అన్నాడు.

"మా అనకాపల్లి ముందు మీ విజయవాడ ఎంత బాబూ" అన్నాను. "1989లో పార్లమెంటుకి కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్లతో. అసెంబ్లీకి కాదు, పార్లమెంటుకి!"

మా ఆవిడ నా వంక ఒక చూపు చూసి మజ్జిగ వడ్డించింది. ఆ చూపెందుకో నాకు తెలుసు. ఆవిడకి తెలుసని మాత్రం అప్పటికి నాకు తెలీదు.

ఆ ఎన్నిక మీద వేసిన కేసు విచారణ జరిగిన కోర్టు వెనాచీ అనే ఊళ్ళో ఉందనీ, నూట నలభై మైళ్ళనీ అల్లుడు చెప్పగానే, "చూడొచ్చా?" అని అడిగేశాను. నయాగరాకి తీసుకెళ్తామంటే మోకాళ్ళ నొప్పులన్న మనిషి, కోర్టు చూస్తానంటే ఎవరైనా నవ్వుతారు. మా అమ్మాయి నవ్వింది కూడా. అల్లుడు శుక్రవారం సెలవు పెట్టాడు.

రెండో రోజు, అక్టోబరు 25, శుక్రవారం: కొండ దాటితే వేరే రాష్ట్రం

తొంభయ్యో నంబరు హైవే ఎక్కి తూర్పుకి బయల్దేరాం. వెనక సీట్లో మా ఆవిడ, ఆవిడ ఒళ్ళో పులిహోర డబ్బా. గంటలో స్నోక్వాల్మీ కనుమ, 3,022 అడుగులు. ఎక్కినంతసేపూ వాన, మబ్బు, నల్లటి దేవదారు చెట్లు. లంబసింగి ఘాట్ రోడ్డుని నాలుగింతలు వెడల్పు చేసినట్టుంది. దిగడం మొదలెట్టాక వాన తెరిపిచ్చింది, తర్వాత మబ్బే పోయింది. ఆ తర్వాత చెట్లు కూడా పల్చబడి పచ్చగడ్డి ఎండుగడ్డయింది. కాస్కేడ్ కొండలు పడమటి మేఘాల్ని ఇటు రానివ్వవు. అటు సియాటిల్లో ఏటికి ముప్ఫై ఏడు, ముప్ఫై ఎనిమిది అంగుళాల వాన పడితే ఇటు వెనాచీలో పది కూడా పడదు.

"ఓట్లూ అంతే మావయ్యా" అన్నాడు అల్లుడు స్టీరింగ్ మీద వేలితో తాళం వేస్తూ. "తడి వైపు డెమొక్రాట్లు, పొడి వైపు రిపబ్లికన్లు." అంత తేలిగ్గా గీత గియ్యలేంలే అనుకున్నాను గానీ, ఊళ్ళు దాటుతుంటే ఇళ్ళ ముందు పాతిన బోర్డుల మీద పేర్లు నిజంగానే మారుతూ వచ్చాయి. 2004లోనూ ఇదే కథ. రాష్ట్రంలో 39 కౌంటీలు. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. చాలా కౌంటీల్లో రోసీదే పైచెయ్యి. కానీ సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ఒక్కదాంట్లోనే దాదాపు 9 లక్షల ఓట్లు. అందుకే గొడవంతా అక్కడే పుట్టింది.

బ్లూయెట్ కనుమ దగ్గర ఆగాం. కొండవాలు మీద పచ్చటి చెట్ల మధ్యన కొన్ని పసుపు రాసినట్టు మెరుస్తున్నాయి. లార్చ్ అట. సూదుల్లాంటి ఆకులున్న చెట్టయినా శీతాకాలానికి ముందు పసుపు తిరిగి రాల్చేస్తుంది. మా ఆవిడ కింద రాలిన సూదులు గుప్పెడు తీసి వాసన చూసింది. పులిహోర అక్కడే తిన్నాం. తింటూ లెక్క సంగతి అడిగాను.

తేడా రెండు వేల ఓట్ల లోపు, అర శాతం లోపు ఉంటే మెషీన్ల మీద మళ్ళీ లెక్కపెట్టడం అక్కడ చట్టం. ఆ లెక్కలో 261 కాస్తా 42 అయింది. ఇక చేత్తో లెక్కించమంటే అడిగినవాళ్ళు డబ్బు కట్టాలి, బ్యాలెట్‌కి పాతిక సెంట్లు. డెమొక్రాట్లు 7 లక్షల 30 వేల డాలర్ల దాకా కట్టారు. ఫలితం తారుమారైతే ఆ డబ్బు తిరిగిచ్చేస్తారు. ఇది నాకు భలే నచ్చింది. మన పందెం లాగే ఉంది.

డిసెంబరంతా లెక్కింపు. ఒక ఆదివారం కింగ్ కౌంటీ కౌన్సిల్ సభ్యుడు లారీ ఫిలిప్స్, తిరస్కరించిన ఓటర్ల జాబితా తిరగేస్తున్నాడు. అందులో తన పేరే కనిపించింది. మనిషి ఓటేశాడు, సంతకం పెట్టాడు, మరి ఎందుకు తీసేశారు? ఆరా తీస్తే తేలిందేమిటంటే, పాత కాగితం మీదున్న ఆయన సంతకం కంప్యూటర్లోకి ఎక్కలేదు. అక్కడి గుమాస్తాలు కంప్యూటర్లో లేదని పక్కన పెట్టేశారే తప్ప అసలు కాగితం తీసి చూడలేదు. అలాంటి కవర్లు మొదట 573 అన్నారు, తర్వాత ఏడొందలు దాటాయి. వాటిని లెక్కలో కలపకూడదని రిపబ్లికన్లు కోర్టుకెళ్ళారు. గుమాస్తా తప్పుకి ఓటరు నష్టపోకూడదు, ఆ తప్పు దిద్దుకునే హక్కు కౌంటీకుందని డిసెంబరు 22న రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి గ్రెగ్వార్ పది ఓట్ల ముందుంది. ఆ కవర్లు విప్పాక 129. చివరికి ఆవిడకి 13,73,361, ఆయనకి 13,73,232.

"గుమాస్తా తప్పు" అన్న మాట దగ్గర నాకు పులిహోర గొంతులో అడ్డం పడింది.

వెనాచీ చేరేసరికి రెండు దాటింది. కొలంబియా నది ఒడ్డున, బోడి కొండల మధ్య, మధ్యమధ్య పచ్చటి ఆపిల్ తోటలతో ఊరు. షెలాన్ కౌంటీ కోర్టు ఊరి నడిబొడ్డునే ఉంది. రిపబ్లికన్లు ఏరికోరి ఇక్కడే కేసు వేశారు, తమకి బలమున్న తూర్పు వైపు కాబట్టి. బయట రెండు ఫొటోలు తీసుకుని లోపలికెళ్ళాం. గుమ్మంలో సెక్యూరిటీ పెద్దాయనకి అల్లుడు ఏదో చెప్పాడు. ఆయన నా వంక తిరిగి, ఇండియా నుంచి వచ్చింది ఇది చూడ్డానికా అని రెండుసార్లు అడిగాడు. అక్కడ బోర్డు లేదు, బొమ్మ లేదు. వరండాలో బెంచీ మీద ఒక కుర్రాడు ఏదో జరిమానా కాగితం పట్టుకుని కూర్చున్నాడు. నేనూ ఆ బెంచీ మీదే పది నిమిషాలు కూర్చున్నాను.

2005 మే నెలాఖర్లో ఇక్కడ రెండు వారాలు విచారణ జరిగింది. జడ్జి జాన్ బ్రిడ్జెస్. ఓటు హక్కు పోయిన నేరస్తులు ఓటేశారు, చనిపోయినవాళ్ళ పేర్ల మీద ఓట్లు పడ్డాయి, కొందరు రెండుసార్లు వేశారు అని వాదన. జడ్జి కాదనలేదు. రాష్ట్రం మొత్తమ్మీద చెల్లని ఓట్లు 1,678 పడ్డాయని జూన్ 6న తీర్పులోనే చెప్పాడు. గెలిచింది 129తో, చెల్లనివి 1,678. మరి ఎన్నిక రద్దు చెయ్యాలి కదా? చెయ్యలేదు. ఎందుకంటే ఆ 1,678 ఎవరికి పడ్డాయో రుజువు లేదు. ఆ చెల్లని ఓట్లు ఏ బూతులో పడ్డాయో చూసి, అక్కడ ఎవరికెంత శాతం వచ్చిందో ఆ లెక్కన తీసెయ్యమని రిపబ్లికన్ల నిపుణులు అడిగారు. జడ్జి ఒప్పుకోలేదు. బూతంతా ఇలా వేసింది కాబట్టి ఈ మనిషీ అలాగే వేసి ఉంటాడు అంటే కుదరదన్నాడు. నలుగురు నేరస్తులు మాత్రం తాము రోసీకి వేశామని ప్రమాణం మీద చెప్పారు. ఆ నాలుగూ రోసీ లెక్కలోంచి తీసేశారు. కేసు వేసినాయనకి కేసు వల్ల నాలుగు తగ్గి తేడా 133 అయింది! అదే సాయంత్రం రోసీ ఇక అప్పీలుకి వెళ్ళనని చెప్పేశాడు.

ఆ రాత్రి హైవే పక్కన ఒక మోటెల్లో దిగాం. అల్లుడు మా గదిలో కూర్చుని కబుర్లు చెబుతుంటే నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ముప్ఫై అయిదేళ్ళు ఎవరికీ చెప్పని మాట.

1989 నవంబరు. పార్లమెంటుకీ అసెంబ్లీకీ ఒకేసారి ఎన్నికలు. నాకు ముప్ఫై రెండేళ్ళు, మొదటిసారి ప్రిసైడింగ్ ఆఫీసరుని. ఊరు పేరు అక్కర్లేదు, అనకాపల్లి పార్లమెంటు కిందే. ప్రతి బ్యాలెట్ వెనకా నేను సంతకం చెయ్యాలి. పార్లమెంటుకి తెల్ల కాగితం, అసెంబ్లీకి గులాబీ. ముందు రోజు రాత్రి బడి వరండాలో లాంతరు పెట్టుకుని, దోమలు కొట్టుకుంటూ వందలకి వందలు చేశాను. చివర్లో నా సంతకం నాకే కొత్తగా కనిపించింది. మర్నాడు నాలుగు దాటాక పొలాల నుంచి ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. హడావుడిలో పోలింగ్ ఆఫీసరు కొత్త కట్ట విప్పి చింపి ఇచ్చేస్తున్నాడు. కాసేపటికి నేను ఊరికే ఒక కాగితం తిప్పి చూశాను. వెనకంతా తెల్లగా ఉంది. తెల్ల కట్టే. మిగిలినవాటి మీద గబగబా సంతకాలు పెట్టేశాను. అప్పటికే ఎన్ని పెట్టెలో పడ్డాయో?

"కౌంటర్ ఫాయిల్స్ ఉంటాయి కదా మావయ్యా, నంబర్లు చూస్తే తెలిసేది" అన్నాడు అల్లుడు.

"తెలిసేది. అందుకే చూడలేదు. లెక్కపెడితే డైరీలో రాయాలి. రాస్తే సంజాయిషీ."

డైరీలో "పోలింగ్ ప్రశాంతం" అని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం మాత్రం ఎక్కడా మర్చిపోలేదు. ఫలితం వచ్చాక ఊరంతా ఒకటే మాట, తొమ్మిది ఓట్లు, తొమ్మిది ఓట్లు. బెల్లం మార్కెట్లో అదే, బస్సులో అదే, మా స్టాఫ్ రూములో అదే. చాలా ఏళ్ళకి నిబంధనల పుస్తకం తిరగేస్తే ఇంకో సంగతి కనబడింది. ప్రిసైడింగ్ ఆఫీసరు పొరపాటు వల్లే సంతకం లేదని రిటర్నింగ్ ఆఫీసరుకి నమ్మకం కుదిరితే, ఆ ఒక్క కారణంతో ఓటుని తీసెయ్యక్కర్లేదు. అంటే నేను రాసి ఉంటే సరిపోయేది. ఆ ఓట్లు తీసేశారో ఉంచారో, ఎవరికి పడ్డాయో నాకు ఇప్పటికీ తెలీదు. తొమ్మిదికి ఎక్కువో తక్కువో కూడా తెలీదు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. హీటరు గురగురమంటోంది. అల్లుడు ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నాడు పాపం. మా ఆవిడ దుప్పటి సర్దుకుంటూ, "నాకు తెలుసు. ఆ రోజు వచ్చి అన్నం ముట్టకుండా పడుకున్నారు. నిద్దట్లో లెక్కపెట్టారు కూడా" అంది.

"ఎంత దాకా?" అన్నాను.

"పదకొండు దాకా ఒకసారి. ఇంకోసారి ఏడుకే ఆపేశారు."

మూడో రోజు, అక్టోబరు 26, శనివారం: ఆపిల్ పళ్ళు

మనసు తేలికైందో ఏమో, ఎనిమిదింటి దాకా నిద్రపోయాను. వెనాచీ తమది ప్రపంచ ఆపిల్ రాజధాని అని చెప్పుకుంటుంది. దారి పక్క పళ్ళ దుకాణంలో ఆపిల్ రకాల్ని చెక్క పెట్టెల్లో కుప్పలు పోసి అమ్ముతున్నారు. కాస్మిక్ క్రిస్ప్ అని, ఇక్కడి యూనివర్సిటీవాళ్ళే పుట్టించిన రకం, ముదురు ఎరుపు మీద తెల్లటి చుక్కలు. కొరికితే పక్క బల్ల వాళ్ళకి వినిపిస్తుంది. మా ఊళ్ళో వాషింగ్టన్ ఆపిల్ అని స్టిక్కరు చూపించి అమ్మేదానికీ దీనికీ చుట్టరికం కూడా లేదు.

తిరుగు దారిలో కాష్మీర్ అనే ఊరు తగిలింది. బోర్డు చూసి మా ఆవిడ కారు ఆపించింది. వెనకటికి ఆ ఊరి పేరు మిషన్ అట. 1904లో మన కశ్మీరు లోయ అందాన్ని తలుచుకుని పేరు మార్చారట. మేం కశ్మీరు చూడలేదు కాబట్టి పోలిక కుదిరిందో లేదో చెప్పలేను. ఆ తర్వాత లెవెన్‌వర్త్, ఊరు ఊరంతా జర్మనీ వేషం వేసుకుని కూర్చుంది. శనివారం కాబట్టి జాతరలా జనం. పార్కింగ్ దొరక్క ముప్పావు గంట తిరిగి, దిగకుండానే వచ్చేశాం. స్టీవెన్స్ కనుమ ఎక్కగానే మళ్ళీ వాన.

నాలుగో రోజు, అక్టోబరు 27, ఆదివారం

బోతెల్ గుడికి వెళ్ళొచ్చాం. ప్రసాదం దగ్గర వరసలో గుంటూరువాళ్ళు ఇద్దరు గవర్నర్ సంగతి వదిలేసి అధ్యక్ష ఎన్నిక మీద వాదులాడుకుంటున్నారు. ఇంటికొచ్చి పడుకున్నాను.

అయిదో రోజు, అక్టోబరు 28, సోమవారం: ఒలింపియా, రెంటన్

పొద్దున్నే టీవీలో పొగ. రాష్ట్రం దక్షిణ కొసన వాంకూవర్ ఊళ్ళో ఎవరో బ్యాలెట్ డ్రాప్ బాక్సుకి నిప్పు పెట్టారు. నది అవతల పోర్ట్‌లాండ్‌లోనూ ఇంకోటి. వాంకూవర్‌లో వందల బ్యాలెట్లు పాడయ్యాయన్నారు. తడిసి, అంచులు కాలి, ముద్దలుగా బయటికి తీస్తున్న కాగితాల్ని మా అమ్మాయి నిలబడే చూసింది. మొన్న మనవడి చేత వేయించినప్పుడు నవ్విన పిల్ల, ఫోను తీసి తన బ్యాలెట్ ఎక్కడుందో వెతుక్కుంది. అందింది అని ఉంది. సంతకం సంగతి ఇంకా రాలేదు.

ఈసారి అమ్మాయే కారు తీసింది. ఒలింపియా రాష్ట్ర రాజధాని. శాసనసభ భవనం 1928లో పూర్తయింది, బూడిద రంగు ఇసుకరాయి, 287 అడుగుల ఎత్తు గోపురం. ఉత్తరం వైపు మెట్లు ఎక్కుతూ అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. నలభై రెండు. దేశంలో ఇది 42వ రాష్ట్రం కాబట్టి అన్ని మెట్లు కట్టారని గైడు చెప్పింది. నాకు మాత్రం రోసీ మెజారిటీయే గుర్తొచ్చింది. మెషీన్ లెక్క అయ్యాక అధికారికంగా ఆయన పేరే ప్రకటించారు, ఒక నెల పాటు ఆయనే కాబోయే గవర్నర్. ఆ మెట్లు ఎక్కి పై మెట్టు మీద నిలబడి వెనక్కి దిగినట్టయింది పాపం. డిసెంబరు 30న గ్రెగ్వార్ గెలిచినట్టు ధ్రువీకరించిన రాష్ట్ర కార్యదర్శి శామ్ రీడ్ రిపబ్లికనే. సొంత పార్టీ వాళ్ళ చేత తిట్లు తిన్నాడు. జనవరి 12న ఆవిడ ప్రమాణం చేసేలోపు, మళ్ళీ ఎన్నిక పెట్టాలని జనం ఇక్కడ గుమిగూడి కేకలు వేశారు. 2008లో మళ్ళీ ఆ ఇద్దరే నిలబడ్డారు. అప్పుడు ఆవిడ హాయిగానే గెలిచింది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

లోపల జార్జ్ వాషింగ్టన్ కంచు తల ఉంది. ముఖమంతా నల్లగా, ముక్కు ఒక్కటే బంగారంలా మెరుస్తోంది. అదృష్టం కోసం వచ్చినవాళ్ళందరూ ముట్టుకుని అరగదీశారు. మా ఆవిడ కూడా ముట్టుకుని కళ్ళకద్దుకుంది. వెనక నిలబడ్డ స్కూలు పిల్లలు అది చూసి వాళ్ళూ కళ్ళకద్దుకున్నారు.

తిరిగొస్తూ రెంటన్‌లో ఆగాం. కింగ్ కౌంటీ ఎన్నికల ఆఫీసు. ఎవరైనా వెళ్ళి లెక్కింపు పని చూడొచ్చట. నాకు నమ్మకం కుదర్లేదు. లోపలికెళ్తే గదుల చుట్టూ అద్దాల నడవా, ఎంతసేపైనా నడుస్తూ చూడొచ్చు. ఇటు కవర్లు సర్దే యంత్రం, అటు కవర్లు విప్పేవాళ్ళు. పార్టీల తరఫు పరిశీలకులు మెడలో కార్డులేసుకుని చేతులు కట్టుకు నిలబడ్డారు. మన కౌంటింగ్ హాల్లో ఏజెంట్లు బల్లల మీదకి ఎక్కినంత పని చేస్తారు. ఇక్కడ గుడిలో ఉన్నంత నెమ్మది.

సంతకాలు చూసేవాళ్ళ గది దగ్గర ఆగిపోయాను. ఈ పనికి రాష్ట్ర పోలీసు శాఖవాళ్ళు శిక్షణ ఇస్తారట. నా వయసే ఉంటుంది ఒకావిడకి, కళ్ళజోడు ముక్కు మీదకి జారింది. తెరపైన ఒక పక్క కవరు మీది సంతకం, ఇంకో పక్క రికార్డుల్లోది. చూస్తుంది, నొక్కుతుంది. చూస్తుంది, నొక్కుతుంది. కలవకపోతే తీసి పారెయ్యరు. ఇంకొకరు చూస్తారు, అప్పటికీ కలవకపోతే ఓటరుకి ఉత్తరం రాస్తారు. ఫలితాలు ధ్రువీకరించే ముందు రోజు దాకా వచ్చి సరిచేసుకోవచ్చు. అంత దూరం నుంచి పేర్లు కనబడవు, గీతలు మాత్రమే. ఒకచోట ఆవిడ ఆగింది. కళ్ళజోడు పైకి తోసుకుని ముందుకి వంగింది. నేనూ అద్దానికి ముక్కు ఆనించాను. అర నిమిషం అయింది. ఆవిడ దాన్ని నొక్కలేదు, పక్కకి పంపింది. మళ్ళీ తర్వాతది.

"నాన్నా, చెయ్యి ఏం చేస్తోంది?" అంది మా అమ్మాయి.

చూసుకుంటే కుడి చేత్తో అద్దం మీద గీస్తున్నాను. నా సంతకమే. అయిదో ఆరో అయ్యాయి, వేలి ముద్రలు పడి అద్దం మసకబారింది. జేబురుమాలు తీసి తుడుస్తుంటే వెనకనుంచి మా ఆవిడ, "ఏవండీ, లెక్కపెట్టారా?" అంది.

"ఆరు" అన్నాను.